బోర్లించిన రంజన్

ఎల్బీనగర్ చౌరస్తా దాటాక మోటారు సామాన్ల దుకాణం మీద ఒక గది ఉంది. నెలకో ఆదివారం మధ్యాహ్నం పుస్తకాలు చదివేవాళ్ళు అక్కడ కూడతారు. ఆ గదిలోకి వచ్చే పుస్తకానికి మొహం ఉండదు. బళ్ళో పిల్లలు వేసినట్టు దినపత్రికతో అట్ట వేసి, లోపల రాసినవాళ్ళ పేరున్న పేజీని జిగురుతో మూసేసి పంచుతారు. మాట్లాడటం అంతా అయ్యాకే అట్ట చింపాలి.

ఈ రూలు పెట్టింది మహిపాల్. ఊరికే పెట్టలేదు. మన జనానికి పుస్తకం చేతికిస్తే ముందు కథ చూడరు, ఇంటిపేరు చూస్తారు. ఇంటిపేరు దొరికిందా, కులం దొరికింది, జిల్లా దొరికింది. తిట్టాలో పొగడాలో అక్కడే తేలిపోయాక ఇక చదవాల్సిన పనేముంది? తెలంగాణ ఉద్యమం ముదిరిన రోజుల్లో ఈ జబ్బు మరీ ముదిరింది. "పేరు చూసి ఓటేస్తరు, పేరు చూసి పిల్లనిస్తరు, పుస్తకమన్న పేరు చూడకుండ చదువుండ్రి" అని తిట్టి మరీ అట్టలు వేయించాడు.

2011 ఏప్రిల్లో ఆ అట్ట వెనక దాక్కున్న మనిషి సూర్యప్రభ.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు బడిలో తెలుగు పంతులమ్మ ఆమె, ఏళ్ళుగా ఈ గదికి వచ్చే మనిషే. తండ్రి తెనాలి దిక్కు నుంచి ఉద్యోగానికి వచ్చి, గడ్డిఅన్నారంలో ఇల్లు కట్టుకున్నాడు. అప్పుడు సూర్యప్రభ చంకలో పిల్ల. పెరిగింది ఇక్కడే, పెళ్ళయ్యాక ఉంటున్నదీ ఆ ఇంట్లోనే. ఏళ్ళ తరబడి దాచి దాచి రాసుకున్న ఒక నవలను జిరాక్సు తీయించి, ఈ గదిని నడిపే నర్సు విజయశ్రీ చేతిలో పెట్టింది. రాసిందెవరో విజయశ్రీకి తప్ప గదిలో ఇంకెవరికీ తెలియదు. ప్రెస్సు చక్రపాణి అక్షరాలన్నీ కూర్చి పెట్టుకుని, అచ్చుకు ఎప్పుడు ఎక్కించమంటారమ్మా అని అడుగుతున్నాడు. ఈ గది ఔనంటే అచ్చుకు పోతుంది. కాదంటే అటకెక్కుతుంది, మళ్ళీ దిగదు. అదీ ఆమె తనతో తాను వేసుకున్న పందెం.

మొగుడు రామారావు పొద్దున్నే హెచ్చరించాడు.

"ఇప్పుడెందుకే ఈ పుస్తకం? మనవాళ్ళేమో మనల్నే తిట్టావంటారు. వాళ్ళేమో మా నోటితో మాట్లాడ్డానికి నువ్వెవరివంటారు. రోలుకి ఒక వైపే దెబ్బ, మద్దెలకి రెండు వైపులా. నీకెందుకు మద్దెల బతుకు?"

"వాయిస్తే కదండీ తెలిసేది, మోగుతుందో లేదో" అని చెప్పులేసుకుంది గానీ, ఎల్బీనగర్ దాకా ఆటోలో ఆమె గుండే మద్దెలలా మోగింది.

నవలలో ఉన్నది ఒక్క ఎండాకాలం. గడ్డిఅన్నారానికి పళ్ళ మార్కెట్ కొత్తగా వచ్చిన రోజులు. నల్లగొండ పల్లె నుంచి వచ్చిన హమాలీ లచ్చయ్య ఒక ఆంధ్రావాళ్ళ ఇంటి వెనక గదిలో కిరాయికి దిగుతాడు. అతని కూతురు ముత్తి, పదమూడేళ్ళది, 'నేను' అంటూ కథంతా తన మాటలో చెబుతుంది. మార్కెట్లో గడ్డి కింద మామిడికాయలు మాగుతుంటాయి. ఇంటి యజమానురాలు బోరు నీళ్ళు చెంబుతో కొలిచి పోస్తుంటుంది. ముత్తి తల్లి వాకిట్లో రంజన్ అనే పెద్ద మట్టికుండ పెట్టి, దాని చుట్టూ తడి గోనెపట్టా కట్టి నీళ్ళు చల్లబరుస్తుంది. యజమానురాలి కూతురు సూరి, ఇంట్లో ఫ్రిజ్జు ఉండగా, దొంగతనంగా వచ్చి ఆ రంజన్ నీళ్ళు తాగి పోతుంటుంది. ఆ సెలవుల్లోనే ముత్తి పెద్దమనిషి అవుతుంది. సెలవులు అయ్యేసరికి లచ్చయ్య గది ఖాళీ చేస్తాడు. లారీ ఎక్కిస్తుంటే రంజన్ జారి గేటు ముందు పగిలిపోతుంది. ముత్తి పెంకులు ఏరుకుంటూ ఏడుస్తుంది. అంతే కథ.

గదిలో పంకా తిరుగుతోంది గానీ గాలి రావడం లేదు. సూర్యప్రభ గోడ పక్కన కూర్చుని చెంగు వేలికి చుట్టుకుంటోంది. ముందు పట్టాభి అందుకున్నాడు. ఆయనదీ ఆంధ్రా వైపే, కృష్ణా జిల్లా, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాడు.

"బాగా రాశారండీ, కాదనను. కానీ ఆ ఇంటావిడని అలా చూపించాలా? మంచినీళ్ళు కొలిచి పోస్తుందా మనిషన్నది? మేమంతా వీళ్ళకి అలాగే కనపడతామా?"

"మీరు పొయ్యలేదు పట్టాభి సార్" అన్నాడు మహిపాల్. ఆటోనగర్లో లారీ బుకింగ్ ఆఫీసు నడుపుతాడు, పదో తరగతి తప్పాడు, చదవని పుస్తకం లేదు. పోయిన నెల మిలియన్ మార్చ్‌లో ట్యాంక్‌బండ్ మీద తిన్న లాఠీ దెబ్బకు ఎడమ భుజం ఇంకా పైకి లేవడం లేదు. "మీరు పొయ్యలేదు గానీ పోసినోళ్ళు ఉన్నరు. మా అమ్మకు పోసిన్రు. గందుల మీకెందుకు పరేషాను?"

"సరే, నవల్లో ఆ కార్బైడ్ పోలిక సంగతేంటి మరి? కోచింగ్ పిల్లలు కార్బైడ్ వేసి మాగబెట్టిన కాయలంట. పైకి పసుపు, లోపల పులుపంట. నేను ఆ పనే చేస్తున్నానా ఇన్నాళ్ళూ?"

"మీ పిల్లలనే పిలిచి అడుగుదామా సార్, పులుపా తీపా?" అంది విజయశ్రీ. అందరూ నవ్వారు. పట్టాభి కూడా నవ్వక తప్పలేదు.

మహిపాల్ మాత్రం నవ్వలేదు. జిరాక్సు కట్ట ఒళ్ళో పెట్టుకుని మొదలుపెట్టాడు.

"నేను సెప్తా ఇనుండ్రి. గీ నవల్ల ఎండకాలమంటే సెలవులు కాదు. సెలవులు బడికి పోయేటోళ్ళకు. గీమె రాసిన ఎండకాలం మాగుడు. కాయ మాగుతది, పిల్ల మాగుతది. ఎవ్వలు తొందరవెట్టకుంటే రెండూ మంచిగ మాగుతయి. అందుకే ముత్తి పెద్దమనిషైన దినం బయట మార్కెట్ల గడ్డి తీసి కాయలు సూస్తున్నరని రాసింది. ఊకెనే రాయలే. ఇగ రంజన్. గా ఇంటి మీద అన్ని నీళ్ళకు కొలత ఉన్నది, రంజన్ నీళ్ళకు లేదు. ఎవలైన ముంచుకోవచ్చు. ఉన్నోళ్ళ పిల్ల వచ్చి లేనోళ్ళ కుండల దొంగతనంగ తాగుతది. ఎందుకు? ఇంట్ల ఫ్రిజ్జు లేకనా? కొలత లేని నీళ్ళ రుచి మరిగింది గా పిల్ల. గీ ముచ్చట పుస్తకాలు సదివితే రాదు, కడుపు కాలాలె. నేను రాసిస్త, గిది మన నల్లగొండ ఆడిబిడ్డ రాసింది. ఇంకెవ్వలతోని కాదు."

సూర్యప్రభ చెంగు చుట్టడం ఆపింది. తన నవల ఇంత బాగా తనకే అర్థం కాలేదు. కానీ ఇంకాసేపట్లో అట్ట చింపుతారు. చింపితే ఏ నల్లగొండా ఉండదు, తెనాలి ఇంటిపేరుంటుంది. పొగడ్త ఎంత ఎత్తుకు పోతే పడేటప్పుడు అంత దెబ్బ. బాగోలేదంటే బతికిపోయేదాన్నేమో అనుకుంది.

"కానీ ఆఖరి పేజీ అబద్ధం" అన్నాడు మహిపాల్.

ఆమె తలెత్తింది.

"ఇన్ని పేజీలు నిజం సెప్పి ఆడ అబద్ధమాడింది. ఇల్లు ఖాళీ చేసేటోళ్ళు రంజన్ పలగనిస్తరా? సంటిపిల్ల లెక్క మోస్తరు. తీసుకపోవుడు కాకుంటే బోర్లిస్తరు, దుమ్ము పడకుండ, పురుగు చేరకుండ. మల్ల ఎండలకు తిప్పి కడుక్కుంటరు. మా అమ్మ గట్లనే చేసేది. పలిగిన కుండ మనోళ్ళు ఏడ సూస్తరు? కాట్ల సూస్తరు. పీనుగను కాలవెట్టే ముందట. గేటు ముందట పలగ్గొట్టుడేంది?"

"అది ప్రతీకండీ" అన్నాడు పట్టాభి. "బాల్యం అక్కడితో పగిలిపోయిందని చెప్పడం. సాహిత్యంలో అలాగే చెబుతారు."

"ప్రతీకైతే అబద్ధమాడొచ్చా సార్? ఆఖర్ల ఏదన్న పలగాలె, ఎవలన్న ఏడ్వాలె అని గీమెకు ఎవలో సెప్పిన్రు. గీమె ఇన్నది. మంచి కట్టెకు పాలిష్ కొట్టింది. పలిగిందంట, పలిగింది."

"పగల్లేదు."

ఎవరన్నారా అని అందరూ అటూ ఇటూ చూశారు. సూర్యప్రభ కూడా చూసింది. అన్నది తనే.

"పగల్లేదు" అంది మళ్ళీ. ఇక ఆగలేదు. "లచ్చయ్య మామ లారీలో జాగా లేదని బోర్లించి పోయిండు. మెట్ల కింద. ఇప్పటికీ అక్కడే ఉంది. చెప్పుల స్టాండు కింద."

విజయశ్రీ కళ్ళు మూసుకుంది. పట్టాభి ఆమె వైపు తిరిగాడు.

"మీరా అమ్మా? మరి ఆ ఇంటావిడ..."

"మా అమ్మే."

పట్టాభికి ఇక ఫిర్యాదు మిగల్లేదు. సొంత తల్లిని రాసుకున్న మనిషిని ఏమంటాడు? కుర్చీలో వెనక్కి వాలి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

మహిపాల్ మాత్రం ముందుకు వంగాడు. "నువ్వు సూరివి" అన్నాడు. ఇన్నాళ్ళూ మేడం అన్న మనిషి నువ్వులోకి దిగాడు.

"ఊఁ."

"నవల్ల సూరి నాలుగు మాటలు మాట్లాడతది. మిగతదంత ముత్తి. నేను, నేను అని రాసినవ్. గా నేను ఎవలు? ముత్తిని అడిగినవా? మా మాటను సినిమాల నవ్వులకు వాడిన్రు, గూండాగాళ్ళకు వాడిన్రు. ఇప్పుడు మా ఏడుపు గూడ మీరే ఏడుస్తరా?"

ఈ మాట వస్తుందని ఆమెకు తెలుసు. రాసిన ప్రతి రాత్రీ ఈ మాటకే భయపడింది. సిద్ధం చేసుకున్న జవాబు ఒకటుండేది, సాహిత్యం, సహానుభూతి అంటూ. అది నోటికి రాలేదు. వచ్చింది వేరే.

"అన్నా, నాకు ఇంట్లో ఒక మాట, వాకిట్లో ఒక మాట. గడప లోపల ఏంటమ్మా అనేదాన్ని, గడప దాటంగనే ఏందే అనేదాన్ని. అమ్మ వింటే వీపు పగిలేది. ఈ కథ గడప లోపల జరగలే. వాకిట్లో జరిగింది. ఇంట్లో మాటతో రాసి చూసిన. రాలే. సూరి చెబితే అంతా అబద్ధం లెక్క ఉంది. ముత్తి చెబితేనే కదిలింది."

"మరి పలగ్గొట్టుడెందుకు?"

"గోడల మీద ఆంధ్రావాలే భాగో అని రాసి ఉంది. టీవీలో మావాళ్ళు ఇక విరిగిపోయింది, అతకదు అంటున్నారు. రెండు వైపులా విరిగిందనే చెబుతుంటే, మా మెట్ల కింద బోర్లించి ఉందంటే ఎవరు నమ్ముతారు? పగలగొడితే చదివేవాళ్ళు ఏడుస్తారు, ఊరుకుంటారు అనుకున్నా."

మహిపాల్ భుజం రుద్దుకున్నాడు. తరవాత కట్ట ఎత్తి, దినపత్రిక అట్టను ముందూ వెనకా తిప్పి చూశాడు. ఉన్నట్టుండి నవ్వాడు. నవ్వితే భుజం గుంజింది, 'అబ్బ' అనుకుంటూనే నవ్వాడు.

"అట్ట ఎయ్యమన్నది నేనే గదా. ఇంటిపేరు సూడకుండ సదువుండ్రని మీ అందరిని తిట్టి తిట్టి సంపిన. ఇయ్యాల గుడ్డిగ సదివి, నల్లగొండ ఆడిబిడ్డ అని రాసిస్త అంటి. ఇప్పుడు పేరు తెలిసి మాట మారిస్తే నన్ను ఏ చెప్పుతోని కొట్టాలె?"

"మా మెట్ల కింద చాలా ఉన్నాయి" అంది సూర్యప్రభ. ఎట్లా అన్నదో ఆమెకే తెలియదు. విజయశ్రీ పకాలున నవ్వింది, దాంతో గది మొత్తానికి ఊపిరి వచ్చింది.

"ఇను" అన్నాడు మహిపాల్. "నవల బాగుంది. అంటి, అన్నట్టే. తెలంగాణ వస్తది, తెస్తం. గది కొట్లాట. మా కొలువులు మాకు, మా నీళ్ళు మాకు కావాలె. అట్లని రంజన్ పలగ్గొట్టుమని నేనెన్నడు అన్లే. కానీ అచ్చెయ్యుమని సెప్పెటోన్ని నేను కాదు. పట్టాభి సారు గూడ కాదు. నోరు ముత్తిది. పోయి సదివి ఇనిపియ్యి. ఆమె ఒద్దంటే ఒద్దు. ఏడుంటదో ఎరుకేనా?"

ఎరుకే. అదే కదా అసలు బాధ. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర విజయవాడ రోడ్డు మీద ముత్తమ్మ పళ్ళ దుకాణం ఉంది. తెనాలి చుట్టాల పెళ్ళిళ్ళకు పోయేటప్పుడల్లా బస్సు కిటికీలోంచి చూస్తుంది. ఎప్పుడూ దిగలేదు. నవల మొదలుపెట్టాక కిటికీ వైపు కూర్చోవడమే మానేసింది.

చక్రపాణికి ఇంకో వారం ఆగమని చెప్పింది. తరవాతి ఆదివారం రామారావు చెప్పుల స్టాండు జరిపి, వంగి, బూజు దులిపి, రంజన్‌ను బయటికి లాగాడు.

"ఇన్నేళ్ళూ దీని మీద బూట్లు పెట్టుకున్నామా మనం" అన్నాడు. తిప్పి లోపలికి తొంగి చూశాడు. "చిత్రంగా ఉందే. ఒక్క పురుగు లేదు."

ఆటోలో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా పైకెత్తి పట్టుకుంది. పగులుతుందేమోనని భయం. కథలో ఎంత తేలిగ్గా పగలగొట్టింది!

ముత్తమ్మ బంగినపల్లి గంపల వెనక కూర్చుని ఉంది. ముందు రంజన్‌ను చూసింది, తరవాతే మనిషిని చూసింది.

"గిది మాదే గదా" అంది. సూర్యప్రభ మొహంలోకి తేరిపార చూసి, "సూరి? ఎంత లావైనవే. నేనే లావైన అనుకున్న."

కూర్చోబెట్టింది. కాయ కోసి పెట్టింది. సూర్యప్రభ తినలేకపోయింది. ముందు చదువుతాను, తరవాత తింటాను అంది. ఎందుకో చెప్పింది. ముత్తమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నా మీద పుస్తకమా? నేనేం చేసిన?"

బేరాలొస్తే ఆపుతూ, పోతే మొదలుపెడుతూ చదివింది. ఎండ గంపల మీది నుంచి జరిగి రోడ్డు మీదికి పోయింది. చెంబుతో నీళ్ళు కొలిచే చోట సూర్యప్రభ తల ఎత్తకుండా చదివింది. ముత్తమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"గా చెంబుకు సొట్ట ఉండె. రాసినవా?"

"రాయలేదు."

"రాయి. గా సొట్ట తోనే ఇంకిన్ని తక్కువొస్తుండె."

పెద్దమనిషైన చోట, "గిది గూడ రాసినవా, సిగ్గులేనిదానా" అని తొడ మీద గిల్లింది. తీసేయమంటావా అంటే ఆలోచించి, "ఉండనీ. నా బిడ్డ డిగ్రీ సదువుతున్నది. సదువుకుంటది" అంది.

ఆఖరి పేజీని ఉన్నది ఉన్నట్టుగానే చదివింది. రంజన్ పగిలింది. ముత్తి పెంకులు ఏరుకుంటూ ఏడ్చింది. ముత్తమ్మ పక్కనే ఉన్న రంజన్‌ను చూసింది, కాగితాన్ని చూసింది.

"గిది పలగలే గదనే."

"తెలుసు. మారుస్తాను."

"గది సరే. నేనెందుకు ఏడ్సిన?"

"ఏడవలేదా?"

"నేనేడ ఏడ్సిన? పెద్ద లారీ ఎక్కుతున్న అని సంబురంల ఉన్న. నువ్వేడ్సినవ్. గేటు పట్టుకొని చీమిడి కార్చుకుంట ఏడ్సినవ్. మీ అమ్మ రెక్క వట్టి గుంజుకపోయింది. మా నాయిన మల్లొస్తం బిడ్డా, గందుకే బోర్లిచ్చి పోతున్నం అని నీకు సెప్తే, అప్పుడు ఊకున్నవ్."

సూర్యప్రభ కాగితం ఒళ్ళో పెట్టుకుంది. లచ్చయ్య మామ అన్న మాట ఎక్కడో చెవి లోపల నుంచి వినబడింది. ఇన్నేళ్ళుగా ముత్తి ఏడుపు అనుకుని రాసి, దిద్ది, మళ్ళీ రాసిన ఏడుపు తనదే. మా ఏడుపు కూడా మీరే ఏడుస్తారా అని మహిపాల్ నిలదీశాడు గానీ, ఆ ఏడుపు వాళ్ళది కానే కాదు. నవ్వొచ్చింది. ఆపుకోబోతే ఎక్కువైంది. గంపల మధ్య కూర్చుని కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. గుండెల మీద బండ ఎవరో దొర్లించేసినట్టయింది.

"పిచ్చి లేసిందా ఏంది" అంది ముత్తమ్మ, తనూ నవ్వుతూ.

"అచ్చు వేయనా మరి? నీ నోటితో?"

"నా ఏడుపు తీసెయ్. నీది నువ్వు పెట్టుకో. తక్కినదంత నాదే, ఏసుకో. సొట్ట మర్సిపోకు."

సూర్యప్రభ అక్కడి నుంచే చక్రపాణికి ఫోను చేసింది. మొదలుపెట్టేయండి, ఆఖరి పేజీ ఒక్కటి ఆపండి, కొత్తది రాసిస్తాను అంది. ఆయన ఏదో అంటున్నా వినకుండా పెట్టేసింది. మహిపాల్‌కు చెయ్యబోయి ఆగింది. ఆయనకు ఎదురుగా కూర్చుని చెప్పాలి, ఏడ్చింది ఎవరో. మొహం చూడాలి.

ఈలోపు ముత్తమ్మ రంజన్‌ను కడిగి, ఇటుకల మీద నిలబెట్టి బోరు నీళ్ళు నింపింది. ఏళ్ళ తరబడి ఎండిన మట్టి, ఒళ్ళంతా చెమట పట్టి బొట్లు బొట్లుగా కారడం మొదలుపెట్టింది.

"కారుతోందే" అంది సూర్యప్రభ కంగారుగా.

"కొత్తల కారుతది. నాలుగు దినాలకు అదే పానుకుంటది, కారుడు బందయితది."

గ్లాసు ముంచి ఇచ్చింది. సూర్యప్రభ తాగింది. నీళ్ళు ఇంకా గోరువెచ్చగానే ఉన్నాయి, మట్టి వాసన మాత్రం అదే.

"చల్లగా లేవు" అంది.

"ఎట్లుంటయి? నడిరోడ్డు మీద కూసోని, అందరు సూడంగ తాగుతున్నవ్. నీకు దొంగతనంగ తాగితేనే సల్లగుండేటియి" అంది ముత్తమ్మ, కోసి పెట్టిన కాయను ఆమె ముందుకు జరుపుతూ. "తిను ఇగ. గడ్డిల మాగింది."